స్క్రూలా, తీగా?

ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగుతూ మా ఆవిడ జారిపడింది. ఆటోలో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఎముకల దవాఖానకు తీసుకెళ్తే, కుడి చీలమండ రెండు వైపులా విరిగిందన్నారు. బయటి ఎముకకు ప్లేటు, లోపలి ఎముకకు రెండు స్క్రూలు వేస్తామన్నాడు అక్కడి డాక్టరు. మర్నాడు అదే ఎక్స్‌రే పట్టుకుని ఎల్‌బీ నగర్‌లో ఇంకో డాక్టరును కలిశాను. ఆయన ప్లేటు సరేనన్నాడు. "లోపలి ముక్క చిన్నదండీ. స్క్రూలొద్దు. రెండు పిన్నులు పెట్టి, తీగతో ఎనిమిది అంకెలా బిగిస్తే గట్టిగా ఉంటుంది" అన్నాడు.

ఏ కడ్డీ ఎంత బరువుకు వంగుతుందో, ఏ తీగ ఎంత లాగితే తెగుతుందో డిప్లొమా పిల్లలకు బోర్డు మీద లెక్కకట్టి చూపించడం నా ఉద్యోగం. అలాంటివాణ్ణి ఆ ఎక్స్‌రే ముందు ఏమీ తోచక కూర్చున్నాను. లాగుడుకు తీగ ఆగుతుంది, సరే. పాదం మెలిపడితే? ఫోనులో ఒకచోట తీగే గట్టిదని ఉంది, మరోచోట పెద్ద తేడా లేదని ఉంది. ఆ పరీక్షలన్నీ విడి ఎముకలను యంత్రంలో బిగించి విరగ్గొట్టి చూసినవే. యంత్రంలోని ఎముక అతుక్కోనక్కర్లేదు కదా!

నేను కాగితాల మీద బాణం గుర్తులు గీస్తుంటే మా ఆవిడకు విసుగొచ్చింది.

"ఏంది గీ బొమ్మలు? అది నా కాలా, ఫ్లైఓవరా?"

"ఏది ఎక్కువ బరువు ఆపుతదో చూస్తున్న."

"నేను మిషన్ ఎప్పుడు తొక్కుతనో అది అడుగు. పెండ్లోళ్ల బ్లౌజులు అట్లనే ఉన్నయ్."

మళ్లీ మొదటి డాక్టరు దగ్గరికెళ్లి, రెండింటిలో ఏది గట్టిదని సూటిగా అడిగాను. "ఏది వేసినా ఎముక అతికేదాకా కదలకుండ పట్టుకుంటది సార్, అంతే. అతకాల్సింది ఎముకనే" అన్నాడు. అయితే ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు ఎందుకు చెప్పినట్టు? అడిగి ఇంకా అయోమయంలో పడ్డాను. చివరికి మా ఆవిడే స్క్రూలకు ఒప్పుకుంటున్నానన్న కాగితం మీద సంతకం పెట్టేసింది. "ఎవరినో ఒకరిని నమ్మాలె గద" అంది.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు బయటికొచ్చాడు. "లోపలి ముక్క తెరిచి చూస్తే రెండుగ చీలి ఉంది సార్. స్క్రూ ఎక్కిస్తే పొడైతుండె. తీగతోనే కట్టిన."

తల ఊపాను. సంతోషించాలో, భయపడాలో తెలియలేదు. ఇన్ని రోజులు నేను దేన్ని ఎంచుకోవడానికి కొట్టుకున్నట్టు?

ఆరు వారాలు గడిచాక, ఇక కాలు కింద పెట్టొచ్చన్నారు, మొదట ఇరవై కిలోల బరువే మోపమన్నారు. నేను బరువు చూసే మిషన్ తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని పక్కకు నెట్టి, వాకర్ పట్టుకుని, పళ్లు బిగించి లేచింది. కుడి పాదం నేలకు ఆనింది. నేను కిందికి వంగి చూస్తున్నాను.

"ఎంత బరువు పెట్టినవ్?" అని అడిగాను.

"నాకేం ఎరుక? నిలబడ్డ" అంది.