చెంచా ఉప్పులో వదలొద్దు

గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు, మీరు ఆయన్ని కలిసి తీరాలి. ఆయన పిచ్చి ఒక్కటే: ఉప్పుగిన్నెలు. పాతకాలపు క్రిస్టల్ గిన్నెలు, నిమ్మచెక్కంత ఉంటాయి. ఒక్కోదానికీ చిటికెనవేలంత వెండి చెంచా. ఆ ఇంట్లో కూరల్లో ఉప్పు పడదు. ఎవరి గిన్నె వాళ్ళది, ఎవరి నాలుక వాళ్ళది. రాజుల బల్లల మీద ఇదే మర్యాదట. ఏ రాజో మాత్రం చెప్పరు.

అంతటితో ఆగితే బాగుండేది. చెంచా ఉప్పులో ఉండిపోతే వెండి నల్లబడుతుంది. అందుకని ఆయన భుజాన మెత్తటి గుడ్డ వేసుకుని, గడియారం ముల్లులా బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. మీరు ఉప్పు చల్లుకునే లోపు చెంచా మీ చేతిలోంచి మాయం. తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, వెళ్తూ వెళ్తూ "చెంచా ఉప్పులో వదలొద్దు" అంటారు. ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరిచి ఉండగా ఏదో చెంచా గుర్తొచ్చి, మెడలో కట్టిన గుడ్డతో సహా ఇంటికి పరిగెత్తారు. ఆ పన్ను ఇప్పటికీ సగంలోనే ఉంది.

ఇదంతా కొత్త కోడలికి మొదట్లో సరదాగా ఉండేది, తర్వాత తలనొప్పిగా మారింది. పైగా ఆమె అమ్మానాన్నలు మొదటిసారి భోజనానికి వస్తున్నారు. వంక పెట్టడంలో వాళ్ళమ్మను మించినవాళ్ళు లేరు. ఆవిడ ముందు ఈ చెంచాల పరుగులేమిటి? కోడలు గిన్నెలన్నీ అల్మారాలో పెట్టించి వంటింట్లోకి వెళ్ళింది.

"అత్తయ్యా, ఈ ఒక్కపూటకీ కూరలో ఉప్పు వేసెయ్యండి."

ఒకప్పుడు వీధివీధంతా మెచ్చుకున్న చెయ్యి అత్తగారిది. ఆవిడ గరిటె తిప్పుతూనే ఉప్పు డబ్బా వైపు చూశారు.

"వేస్తాలే. నువ్వోసారి రుచి చూడు మరి."

"మీ వంటకి నేను రుచి చూడటమేంటి అత్తయ్యా," అనేసి కోడలు కర్టెన్లు సర్దడానికి పరిగెత్తింది.

మధ్యాహ్నం చుట్టాలు బల్ల దగ్గర కూర్చున్నారు. కూర తేవడానికి వెళ్ళిన మామగారు ఎంతకీ రాకపోతే కోడలు వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన కూర నాలుక మీద వేసుకున్నారు. కళ్ళు పెద్దవయ్యాయి. కష్టంగా మింగి, అటు తిరిగి పళ్ళాలు తుడుస్తున్న భార్య వీపు వైపు చూశారు. చప్పుడు కాకుండా అల్మారా తెరిచి, అన్నిటికన్నా పెద్ద గిన్నె తీశారు. కూర పైన పట్టుకుని, ఉప్పుతో, చెంచాతో సహా వదిలేశారు. కూరపాత్ర అంచుకి తగిలి ఉప్పుగిన్నె భళ్ళుమంది.

"జారిందే," అన్నారు.

ఇక గాజుపెంకుల కూర ఎవరు తింటారు? అత్తగారు ఆయన్ని దులిపేశారు. ఊళ్ళోవాళ్ళ చెంచాలన్నిటికీ కాపలా కాసి, చివరికి తన గిన్నె కూరలో పడేసుకున్నారని అందరి ముందూ అన్నారు. ఆయన తలూపుతూ హాయిగా తిట్లు తిన్నారు. ఉడికించిన గుడ్లు, రొట్టె, మిగిలిన ఉప్పుగిన్నెలు బల్ల మీదికొచ్చాయి. కోడలి తల్లి మూడుసార్లు ఉప్పు చల్లుకుని, ఈ చెంచాలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది.

చుట్టాలు వెళ్ళాక అత్తగారు కోడలి చెవిలో చెప్పారు: "కిందటేడు ఆ జ్వరం వచ్చి తగ్గాక నా నాలుకకి ఉప్పు తెలియట్లేదే. మీ మామయ్యకి చెప్పకు, బెంగ పెట్టుకుంటారు. నా అదృష్టం, సరిగ్గా అప్పుడే ఆయనకి ఈ గిన్నెల పిచ్చి పట్టింది."

కోడలి చేతిలో పళ్ళెం ఆగిపోయింది. ముందుగదిలోకి వెళ్తే, ఆయన కూరలోంచి తీసిన చెంచాను రుద్దుతున్నారు.

"మామయ్యగారూ, నేను చూశాను."

"ఏం చూశావు? నల్లబడిందనా? ఉప్పులో వదలొద్దని మొత్తుకుంటూనే ఉన్నాగా," అని ఆయన లేచి, ఖాళీ బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

వంటింట్లో ఒక రహస్యం, ముందుగదిలో ఒకటి, మధ్యలో కోడలు. ఒక్క మాట చెప్తే రెండూ బయటపడతాయి. ఆమె మాత్రం ఒక గుడ్డ భుజాన వేసుకుని మామగారి వెనకాలే చెంచాలు వెతకడానికి బయల్దేరింది. మీరైతే చెప్పేసేవారా?