ఎలెనా గారు పళ్లెం ఎందుకు తోశారు

2023 నవంబరు. జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ దగ్గర ఒక రీహా క్లినిక్‌లో, స్ట్రోక్ వార్డులో నేను నర్సుగా చేరి రెండేళ్లయింది. పెద్దాసుపత్రిలో ప్రాణం దక్కించుకున్న మనిషిని మళ్లీ లేపి నడిపించే చోటే రీహా. మాది ఖమ్మం. జర్మన్ భాషలో బీ2 పరీక్ష పాసై, సర్టిఫికెట్లకు గుర్తింపు తెచ్చుకుని ఉద్యోగంలో కుదురుకునేసరికి, ఇక నాకు తెలియని మాట లేదన్న పొగరు కాస్త ఉండేది. దాన్ని దించింది పన్నెండో గదిలోని ఎలెనా గారు.

ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. ఫిలిప్పీన్స్‌లో పుట్టి, ఇరవై దాటగానే నర్సుగా జర్మనీకి వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని, ఇక్కడే రిటైరయ్యారు. ఒకరకంగా నాకు సీనియర్. స్ట్రోక్‌తో కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. దీన్ని ఎఫేసియా అంటాం. గొంతు బాగానే ఉంటుంది, మెదడుకు మాట దొరకదు. జర్మన్‌లో "కళ్లు మూసుకోండి" అంటే మా మొహాలు చూస్తూ ఉండిపోయేవారు.

అంతకన్నా పెద్ద చిక్కు తిండి. మింగడానికి ఇబ్బందేమీ లేదని స్పీచ్ థెరపిస్టు తేల్చి చెప్పింది. అయినా నేను పక్కన నిలబడి చెంచా అందిస్తే నోరు బిగించి, ఎడమచేత్తో పళ్లెం తోసేసేవారు. రోజూ ఇదే వరస. "ఆహారం నిరాకరిస్తున్నారు" అని కంప్యూటర్లో రాసింది నేనే.

శుక్రవారం డాక్టర్లందరి మీటింగ్. తినరు, చెప్పింది అర్థం కాదు అని తేలితే, కడుపులోకి నేరుగా తిండి పంపే పెగ్ ట్యూబ్ వేసి కేర్ హోమ్‌కు పంపేస్తారు. అర్థమవుతోందని రుజువైతే రీహా పొడిగిస్తారు, ఇల్లు చేరే దారి ఉంటుంది. ఆవిడ కొడుకు తోమాస్ రోజూ వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు.

"మీ అమ్మగారి భాష మీకు వచ్చా?" అని అడిగాను.

"రాదు సిస్టర్. స్కూల్లో వెనకబడతానని నాతో జర్మనే మాట్లాడింది," అన్నాడు తల దించుకుని.

మంగళవారం పై అంతస్తులో పనిచేసే మారిసెల్‌ను పట్టుకున్నాను. తనది మనీలా, తనూ నర్సే. ఆవిడ భాష తగాలోగ్ కాబట్టి, ఓ నాలుగు మాటలు నేర్పమన్నాను. తను నేర్పకుండా ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నువ్వు నిలబడి తినిపిస్తావా?"

"అవును."

"నువ్వు తినవా?"

"డ్యూటీలో ఎట్లా తింటాను?"

"ఆవిడ పళ్లెం ఎటు తోస్తుంది?"

"నా వైపే," అన్నాను.

"ఎదురుగా మనిషి ఉంటే మావాళ్లు పిలవకుండా తినరు. ఆవిడ వద్దనడం లేదు తల్లీ, నిన్ను తినమంటోంది!"

ఇంటికొచ్చిన వాళ్లను "కాళ్లు కడుక్కోండి, అన్నం తిందాం" అనే ఊళ్లో పుట్టి పెరిగిన నాకు ఇది తట్టలేదే అని సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పిలుపు ఇది: "కాఇన్ పో తాయో." కాఇన్ అంటే తినడం. పో అంటే మన "అండి". తాయో అంటే ఎదుటి మనిషిని కూడా కలుపుకున్న "మనం". మారిసెల్ చెబుతుంటే నా డైరీలో తెలుగులో రాసుకున్నాను. వడ్లు పాలాయ్, బియ్యం బిగాస్, అన్నం కానిన్, అడుగంటిన మాడు తూతోంగ్. జర్మన్‌లో వడ్లకూ బియ్యానికీ అన్నానికీ రైస్ అనే ఒక్క మాటతోనే సరిపెడతారు, వీళ్లకు మనలాగే ఎన్ని పేర్లో! చెంచా కుత్సారా, బల్ల మేసా. ఇవి స్పెయిన్ దొరలు వదిలివెళ్లిన మాటలు. మొహం ముఖా. ఇది సంస్కృతం నుంచి, ఏ ఓడలెక్కి పోయిందో మరి! చుట్టం కనబడ్డట్టు సంబరపడ్డాను.

ఇంట్లో కుక్కర్ దగ్గర నిలబడి అవే వల్లె వేస్తుంటే మా ఆయన ఊరుకోలేదు.

"జర్మన్ అయిపోయింది, గండం గడిచిందనుకున్నం గదనే. మళ్ల ఇదేం లొల్లి? దీనికి పరీక్ష ఎప్పుడు?"

"శుక్రవారం. ఫెయిలైతే పోయేది నా మార్కులు కాదు," అన్నాను. ఆ రాత్రి కుక్కర్ తనే దించాడు.

బుధవారం హెడ్ నర్సు అనుమతి తీసుకుని, నా టిఫిన్ డబ్బాలో అన్నం, టమాటా పప్పు పట్టుకుని ఎలెనా గారి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "కాఇన్ పో తాయో," అన్నాను. ఆవిడ నా మొహం చూశారు, డబ్బా చూశారు. నేను ముద్ద నోట్లో పెట్టుకునే దాకా ఆగారు. అప్పుడు ఎడమచేత్తో చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టారు. ఒకరి సాయం లేకుండా సగం పళ్లెం! కళ్లనీళ్లు పప్పులో పడకుండా చూసుకోవడమే నా పనైంది. వెంటనే వెళ్లి, నేను రాసిన మాట తప్పని కంప్యూటర్లో నా పేరుతోనే రాశాను.

శుక్రవారం మధ్యాహ్నం, మీటింగ్‌కు ముందు, పెద్ద డాక్టరు గారు భోజనం వేళకే గదికి వచ్చారు. జర్మన్‌లో మూడు పనులు చెప్పారు. ఎలెనా గారు కదలలేదు. తోమాస్ గోడకు ఆనుకున్నాడు. "నాకు రెండు నిమిషాలివ్వండి డాక్టర్," అన్నాను. చేత్తో సైగ చేయకుండా, కళ్లతో చూపించకుండా, "పహింగీ పో నంగ్ కుత్సారా," అన్నాను. చెంచా ఇవ్వండి అని. ఆవిడ ట్రేలో గ్లాసు పక్కకు జరిపి, చెంచా తీసి నా చేతిలో పెట్టారు. "ముఖా పో," అన్నాను. చెంప మీద చెయ్యి వేసుకున్నారు.

డాక్టరు గారు కళ్లజోడు తీసి దగ్గరికి వంగారు. పెద్దమనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాక ఆవిడ ఊరుకుంటారా? పళ్లెం ఆయన వైపు నెట్టి, ఐదు వారాల తర్వాత మొదటిసారి నోరు విప్పారు.

"కాఇన్... పో... తాయో."

"ఏమంటున్నారు?" అన్నారాయన.

"భోజనానికి పిలుస్తున్నారు డాక్టర్. మీరు కూర్చోకపోతే ఆవిడ తినరు."

ఆయన కూర్చున్నారు! కోటుతో సహా కూర్చుని, ఇంకో చెంచా తెప్పించుకుని ఒక ముద్ద తిన్నారు. తోమాస్ ఏడుస్తూ నవ్వుతూ, ఆ వాక్యం మళ్లీ చెప్పమని నా వెంట పడ్డాడు. పళ్లెం ఖాళీ అయ్యాక డాక్టరు గారు లేచి, "ట్యూబ్ వద్దు. రీహా పొడిగించండి. థెరపీలో రెండు భాషలూ వాడండి," అన్నారు. ఆ రోజు నేను వార్డులో నడవలేదు, తేలాను.

స్ట్రోక్‌లో సొంతంగా కూర్చుకునే మాటలు పోయినా, బతుకంతా అలవాటుగా అన్న మాటలు ఒక్కోసారి మిగులుతాయని స్పీచ్ థెరపిస్టు నాకు తర్వాత వివరించింది. ఆ మాట పట్టుకునే ఎలెనా గారు మరో మాటకు, ఆ తర్వాత జర్మన్‌కు పాక్కుంటూ వచ్చారు. జనవరిలో వాకర్ పట్టుకుని, తన కాళ్ల మీద కారు దాకా నడిచి ఇంటికి వెళ్లారు.

ఇప్పుడు మాట పోయిన పేషెంటు ఎవరొచ్చినా, మందుల చీటీ కన్నా ముందు ఇంట్లోవాళ్లను ఒకటి అడుగుతాను: "మీ ఇంట్లో అన్నానికి ఎట్లా పిలుచుకుంటారు?" టర్కీ వాళ్లు చెప్పారు, రష్యా వాళ్లు చెప్పారు, పక్క పల్లెల జర్మన్ ముసలమ్మలు తమ యాసలో చెప్పారు. అవన్నీ కంఠతా పట్టాను. ఎదుటివాళ్లకు అర్థం కావడం లేదని రాసే ముందు, నాకు అర్థమైందా అని చూసుకోవాలి. నర్సింగ్ కాలేజీ నాలుగేళ్లలో నేర్పని ఈ పాఠాన్ని, ఒక్క మాట కూడా లేని రోజుల్లో ఎలెనా గారు రోజుకు మూడు పూటలా నాకు చెబుతూనే ఉన్నారు.