చేపలకు అంగుళం వదులు

మా తాతయ్య దేన్ని కొలిచినా ఓ అంగుళం కలపకుండా చెప్పలేడు. నలభై ఏళ్లు మిషను తొక్కిన దర్జీ. కిటికీ తెరకైనా, నా ఎత్తుకైనా అంగుళం ఎక్కువే. అడిగితే "పెరిగే వయసు" అంటాడు. ఒకసారి నాయనమ్మ నడుము కొలిచి కూడా ఆ మాటే అన్నాడు. ఆ పూట ఆయనకు తిండి లేదు.

అలాంటి మనిషిని తీసుకెళ్లి సైన్సు టీచరమ్మ నదిలో చేపలు కొలిచే పనికి పెట్టింది. ప్రతి ఆదివారం ఉదయం పదిమందిమి మోకాళ్ల లోతు నీళ్లలో దిగుతాం. చేపను మెల్లగా వలతో పట్టి, నీళ్ల పళ్లెంలో ఉంచి, కొలిచి, మళ్లీ నదిలో వదిలేస్తాం. తాతయ్య కొలుస్తాడు, నేను రాస్తాను. తొమ్మిదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది గనక, చెప్పింది చెప్పినట్టు రాయడమే నా పాండిత్యం.

"కదలకమ్మా, బంగారుతల్లీ," అంటాడు చేపతో. నా వైపు తిరిగి, "ఆరు అంగుళాలు. రాయవే."

"తాతా, టేపు మీద అయిదే ఉంది!"

"దర్జీవి నువ్వా, నేనా?"

ఇలా రెండేళ్లు గడిచాయి. మేం కొలిచే చోట, చేపలు గుడ్లు పెట్టే నది మలుపులో వలలు ఆపించమని టీచరమ్మ అర్జీ పెట్టింది. మా లెక్కలు సరైనవని తేలితేనే ఆపుతామన్నారు చేపల శాఖ పైవాళ్లు. ఒక ఆదివారం ఆఫీసరు వచ్చాడు. తాతయ్య కొలిచిన పది చేపల్నీ వెనకే తన స్కేలుతో కొలిచాడు. పదీ అంగుళం పొట్టి!

"ఏంటమ్మా ఇది? ఈ పుస్తకం ఎందుకు పనికొస్తుంది?"

టీచరమ్మ ముఖం పాలిపోయింది. "బాబాయ్, ఎంత పని చేశారు!"

తాతయ్య తల గోక్కున్నాడు. "పిల్లల చొక్కాలకు అసలు కొలత ఎన్నడూ రాసుకోలేదు బాబూ. అంగుళం గుడ్డ లోపలికి మడిచి కుట్టేవాణ్ణి. ఏడాదికి చొక్కా బిగుతైతే తల్లులు తెచ్చేవాళ్లు. మడత విప్పి ఇస్తే ఇంకో ఏడాది వచ్చేది. అందరూ కొత్తది కొనగలరా? చేతికి అదే అలవాటైంది."

"ఎప్పుడూ అంగుళమేనా? ఏనాడైనా రెండు కలిపారా?"

"రెండు వదిలితే చొక్కా ఉబ్బుతుంది కదండీ!" తాతయ్యకు కోపమొచ్చింది.

ఆఫీసరు ఇంకో పది చేపలు కొలిపించాడు. పదికి పదీ సరిగ్గా అంగుళమే తేడా. ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "తప్పులు చేసేవాళ్లను చాలామందిని చూశాను గానీ, ఒకే తప్పు ఇంత నిక్కచ్చిగా చేసేవాళ్లను చూడలేదు. అన్నిటికీ అంగుళం తీసేసి పంపండి."

రెండు వేల చేపలకు అంగుళం తీసే శిక్ష నాకు పడింది. బడి నేర్పలేని తీసివేతలు అలా వచ్చేశాయి.

నెల తిరగకుండా ఉత్తర్వు వచ్చింది: ఆ మలుపులో, వంతెన నుంచి రెండు వందల గజాల వరకు వలలు వేయరాదు. హద్దుకర్ర పాతే పని తాతయ్య పట్టుబట్టి తీసుకున్నాడు. మర్నాడు టీచరమ్మ అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

"బాబాయ్, ఇది రెండొందల ఇరవై గజాలుంది!"

"కడుపుతో ఉన్నవాళ్లు వచ్చే చోటు కదమ్మా. బిగుతైతే ఎలా?"

టీచరమ్మ అటూ ఇటూ చూసింది. తర్వాత చెప్పులు విడిచి, ఆ కర్ర కదలకుండా చుట్టూ మట్టిని గట్టిగా తొక్కింది.