గుయ్‌మనని పెట్టె

మా సంఘపెద్ద ఆ రోజు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఏం తమ్ముడూ, యాంప్లిఫయర్ తెమ్మంటే తేనెపట్టు తెచ్చావే!"

ప్రార్థన మధ్యలో కళ్లు మూసుకున్నవాళ్లు కళ్లు తెరిచి మరీ నవ్వారు. నేను సొంతంగా చేసిన యాంప్లిఫయర్ చర్చిలో గుయ్‌మంటూనే ఉంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి పొదిలి నుంచి అద్దె మైకు సెట్టు దిగింది. నా పెట్టె బల్ల కిందికి పోయింది.

నా ఉద్యోగం గుంటూరులో, మిర్చి కోల్డ్ స్టోరేజీలో. శనివారాలు బస్సెక్కి ఊరికి వెళ్తాను. అదే పెట్టె గుంటూరు గదిలో పెడితే, స్పీకరుకి చెవి ఆనించినా చప్పుడు లేదు. ఊళ్లో ఎందుకు మూలిగిందో తేల్చుకుందామని చర్చి ప్లగ్గులో మీటరు పెట్టి చూశాను. ఆరాధన వేళకే పొలాల మోటార్లకు త్రీఫేజ్ ఇస్తారు. మిరపకు నీళ్లు పెట్టేవాళ్లందరూ ఒక్కసారే స్విచ్చి వేస్తారు. చర్చిలో కరెంటు నూట ఎనభై వోల్టులకి పడిపోయింది. పెట్టెలో పన్నెండు వోల్టులు నిలకడగా ఇచ్చే ఐసీ చిప్పుకి అంతకంటే రెండు మూడు వోల్టులు ఎక్కువే అందాలి. నేను వేసిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ వేళలో అంత ఇవ్వలేదు. కరెంటులోని వణుకంతా స్పీకరులోకి వచ్చింది.

ఇదంతా సంఘపెద్దకు చెప్పాను. "కరెంటు అందరికీ ఒకటేగా తమ్ముడూ, అద్దె సెట్టు గుయ్‌మనట్లేదే" అన్నాడు. అదీ మర్చిపోలేదు.

ఈ ఏడు కోత పండుగకు నాలుగు రోజుల ముందు ఆయనే ఫోన్ చేశాడు.

"అద్దె సెట్టువాడు పెళ్లికి పోతన్నాడంట. దిక్కులేక అడుగుతున్నా, నీ పెట్టే పట్రా."

దిక్కులేక అట. ఒప్పుకున్నాను. ఈసారి కూడా గుయ్‌మంటే నా పెట్టెకు ఆ చర్చిలో ఇక చోటు ఉండదని తెలుసు.

డ్యూటీ దిగి, ఒళ్లంతా మిర్చి ఘాటుతోనే విడిభాగాల కొట్టుకు వెళ్లాను. పదిహేను వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ముప్పై ఐదు వోల్టుల కెపాసిటర్ అడిగాను.

"పదిహేనుకి పాతిక వోల్టుల కెపాసిటర్ చాలు సార్. అందరూ అదే పట్టుకెళ్తారు" అన్నాడు కొట్టతను.

"మా ఊళ్లో మోటార్లు ఆగాయంటే కరెంటు రెండొందల యాభై దాటుద్ది. మీ పాతికది పేలుద్ది."

"అట్టాంటి ఊరికి పాటలెందుకు సార్? స్టెబిలైజర్ కొనుక్కోండి" అని పక్క గిరాకీని చూసి నవ్వాడు.

నేను నవ్వలేదు. అతను ఇచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ చేతిలో తూచి చూశాను.

"ఇది రెండు ఆంపియర్లా? వంకాయంత బరువు లేదు."

"లేబుల్ చూడండి సార్."

"లేబుల్లో రాగి తీగ ఉండదుగా."

విసుక్కుంటూ లోపలికి వెళ్లి బరువైనది తెచ్చాడు. కెపాసిటర్ కూడా నేనడిగిందే వెతికించేదాకా కదల్లేదు. కాళ్లు లాగేశాయి. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పాత పెట్టెలో పట్టక, పెట్టెను మళ్లీ కోయాల్సి వచ్చింది.

"ఆ సంఘపెద్ద నవ్వులాటకి అన్నాడులెండి. ఎన్నాళ్లు మోస్తారు?" అంది మా ఆవిడ.

"నవ్వులాట ఆయనకి. జనం నవ్వింది నన్ను చూసి."

పండుగ రోజు బలిపీఠం ముందు కానుకగా తెచ్చిన మిర్చి టిక్కీ బస్తాలు, పత్తి మూటలు పేర్చారు. ఆ ఘాటుకి ఒకటే దగ్గులు. నా కళ్లు ఫ్యాను మీదే ఉన్నాయి. కాసేపటికి రెక్కలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదించింది. పొలాల్లో మోటార్లు వేశారు. పెట్టెలోంచి చప్పుడే లేదు. సంఘపెద్ద మైకు దగ్గరికొచ్చి అనుమానంగా నావైపు చూశాడు.

"ఏం తమ్ముడూ, అసలు ఆన్ చేశావా?"

ఆ ప్రశ్న వీధి చివరిదాకా వినపడింది. ఆయన ఉలిక్కిపడి మైకు నుంచి వెనక్కి జరిగాడు. తర్వాత మౌన ప్రార్థనలో దగ్గులు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ఆఖర్లో ప్రకటనలు చదువుతూ ఆయన అన్నాడు: "వచ్చే వారం నుంచి అద్దె సెట్టు అక్కర్లేదు. ఇంత మంచి సౌండు ఇచ్చిన దేవునికి స్తోత్రం."

అంతే. నా ఊసు లేదు. ఎదురుచూశాను. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, కాస్త ఆలస్యంగా.