కలకత్తా బాయిలో సర్దార్ మామ

ఆ రోజుల్లో మా మందమర్రిలో భూమి కిందికి దిగేవాళ్లెవరూ ఇస్త్రీ చొక్కా వేసుకునేవాళ్లు కాదు. బొగ్గుగనిని మేం బాయి అంటాం. బాయిలోకి తెల్లగా దిగినవాడు నల్లగా పైకి రావాలి, అదీ లెక్క. అలాంటిది కలకత్తాలో జనం పౌడరు రాసుకుని, తల దువ్వుకుని మరీ భూమి కిందికి దిగి, అక్కడ రైలెక్కి ఆఫీసులకు పోతున్నారని పేపర్లో చదివి మా వాడకట్టంతా నవ్వుకుంది. ఆ రైలెక్కే యోగం వాడకట్టులో మొట్టమొదట నాకే పట్టింది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా తిరుగుతుంటే, కలకత్తాలోని ఒక ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకు రమ్మని కాగితం వచ్చింది. అది చేజారితే ఇంకో కాగితం వస్తుందన్న ఆశ నాకు లేదు, బాపుకు అసలే లేదు. (“రాకుంటే బాయి ఉండనే ఉన్నది తియ్” అనేవాడు బాపు. అది ఓదార్పో బెదిరింపో నాకు ఇప్పటికీ తేలలేదు.)

అంత దూరం నన్నొక్కడినే పంపడానికి అవ్వ ఒప్పుకోలేదు. తోడుగా తన తమ్ముణ్ని, అంటే మా మేనమామను పంపింది. మామ బాయిలో సర్దార్. పనివాళ్లకంటే ముందు లోపలికి పోయి, పైకప్పు గట్టిగా ఉందా, గాలి సరిగ్గా ఆడుతోందా అని చూసి, ఇక రావచ్చని చెప్పే కొలువు. ఇరవై ఏళ్లు ఆ పని చేసి చేసి, ఎక్కడ అడుగుపెట్టినా ముందు తలెత్తి కప్పు చూసే అలవాటు ఆయనకు పట్టుకుంది. పెళ్లిచూపులనాడు కూడా తన మొహం కంటే ముందు వాళ్లింటి దూలాలే చూసిండని అత్త దెప్పుతుండేది.

కాళీఘాట్ దగ్గర సత్రంలో దిగాం. ఇంటర్వ్యూ ఎస్‌ప్లనేడ్‌లో, పదింటికి. కొత్త చొక్కా, దోస్తు దగ్గర అడిగి తెచ్చుకున్న టై, చేతిలో ఫైలు, తొమ్మిదింటికల్లా నేను అచ్చం ఆఫీసరులా తయారై మామతో స్టేషన్‌కు చేరాను. టిక్కెట్లు కొనేదాకా బాగానే ఉంది. గేటు దగ్గర మామ ఆగి, జేబులోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి అక్కడున్న ఉద్యోగి చేతిలో పెట్టాడు. బాయిలో నిప్పు నిషిద్ధం కదా, లోపలికి అగ్గిపుల్ల పోకూడదు. ఆ బెంగాలీ మనిషి వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఏం చేయాలో తోచక బల్లమీద పెట్టుకున్నాడు.

“మరి మన పేర్లు ఎవలు రాసుకుంటరు?” అన్నాడు మామ.

“ఎవలు రాసుకోరు మామా. నడువు.”

“మరి లోపట ఎంతమంది ఉన్నరో వీళ్లకెట్ల ఎరుక?”

“ఎరుక ఉండదు.”

“గిదేం బాయిరా అల్లుడా” అని మామ నొచ్చుకుంటూ మెట్లు దిగాడు.

కింద మాత్రం అంతా వేరు. నేల అద్దంలా మెరుస్తోంది. ఎటు చూసినా చిన్న కాగితం ముక్క లేదు, ఒక్క ఉమ్మి మరక లేదు. చల్లటి గాలి వీస్తోంది. మామ అలవాటుగా తంబాకు డబ్బీ తీసి, చుట్టూ చూసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. “గింత సాఫ్ జాగల ఉమ్మితె పాపం తాకుతది” అన్నాడు. అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. చెప్పులు విడిచి ఒక పక్కన జతగా పెట్టి (బెంచీ ఖరాబు కావద్దని), బెంచీ ఎక్కి, చేతిలోని గొడుగును తిరగేసి పట్టుకుని, దాని పిడితో పైన దూలాన్ని టకటకా కొట్టసాగాడు. ఒక్కో దెబ్బకూ కళ్లు మూసుకుని చెవి పెట్టి వింటున్నాడు. గట్టిగా మోగితే క్షేమం, డొల్లగా మోగితే కూలే రకం. బాయిలో అలాగే చూస్తారు, అందులో వింతేం లేదు. కానీ ఆ ప్లాట్‌ఫారం మీద వందమంది ఇస్త్రీ చొక్కాలవాళ్లు పేపర్లు మడిచి మరీ మావైపు చూస్తున్నారు. ఒకమ్మాయి పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. నాలాగే టై కట్టుకుని ఫైలు పట్టుకున్న ఒకతను, బహుశా అదే ఇంటర్వ్యూకు పోతున్నవాడు, నన్ను ఎగాదిగా చూశాడు.

నేను మెల్లగా జరిగాను. ఒక స్తంభం దాటాను, రెండోది దాటాను, మూడోదాని చాటుకు పోయి ఫైలు తెరిచి, నా సర్టిఫికెట్లను మొదటిసారి చూస్తున్నట్టు చదువుకోసాగాను.

“అల్లుడా, కప్పు మంచిగనే ఉన్నది. ఫికర్ చెయ్యకు” అని మామ బెంచీ మీది నుంచి కేకేశాడు. ఆయన ఎవర్ని పిలుస్తున్నాడో అన్నట్టు నేనూ వెనక్కి తిరిగి చూశాను.

అంతలో రైలొచ్చింది. నేను ఇంకా దూరం నడిచి చిట్టచివరి పెట్టెలో ఎక్కేశాను. మామ వేరే పెట్టెలో ఎక్కుతాడు, దిగాక కలుసుకుంటాం, దారిలో పరువు దక్కుతుంది. అదీ నా పథకం. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. అద్దంలోంచి చూస్తే మామ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. ఒక కాలికి చెప్పు, ఇంకోటి చేతిలో. నాకోసం అటూ ఇటూ చూస్తున్నాడు.

ఎస్‌ప్లనేడ్‌లో దిగి రెండు రైళ్లు చూశాను. (నిజం చెప్పాలంటే ఒక్కటే.) మామ రాలేదు. వెనక్కి పోతే ఇంటర్వ్యూ దాటిపోతుంది. మామ పెద్దమనిషి, సత్రానికి దారి తెలుసు, పోయి పడుకుంటాడులే అని మనసుకు నచ్చజెప్పి పైకెక్కాను. పదింటికని పిలిచినవాళ్లు నన్ను లోపలికి పిలిచేసరికి రెండు దాటింది. ఏమేం అడిగారో ఒక్క ప్రశ్నా గుర్తులేదు, చివరిది తప్ప. “ఇంత దూరం ఒక్కడివే వచ్చావా?” అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్దాయన. “ఒక్కణ్నే సార్” అన్నాను. ధైర్యం కలవాడివే అని ఆయన మెచ్చుకున్నాడు.

మూడున్నరకు కాళీఘాట్‌లో రైలు దిగితే, అదే ప్లాట్‌ఫారం, అదే బెంచీ, దాని మీద మామ. పక్కన ఒక రైల్వే పోలీసు. నన్ను చూడగానే మామ లేచి నా భుజాలు, చేతులు తడిమి చూశాడు, గనిలోంచి మోసుకొచ్చిన మనిషిని చూసినట్టు. పోలీసాయన హిందీలో నాతో మొత్తుకున్నాడు. పొద్దున్నుంచి నాలుగుసార్లు పైకి పొమ్మన్నాడట. ‘నా మనిషి లోపలున్నాడు, వాడు రాకుండా నేనెక్కను’ అని ఈయన కదల్లేదట. టీ కోసం కూడా పైకి రాలేదట.

“సత్రంకు పోవద్దా మామా?” అన్నాను.

“ఇద్దరం దిగినం. ఒక్కన్నే ఎట్ల ఎక్కుత? మనుషులందరు పైకొచ్చినంకనే సర్దార్ ఎక్కాలె. బాయిల గదే కాయిదా” అన్నాడు. తల దించుకుని, చిన్నగా అన్నాడు. “తప్పంత నాదే అల్లుడా. సర్దార్ అన్నోడు మనిషి యాడున్నడో చూడకుంట కప్పు చూసుకుంట నిలబడుతడా? నువ్వు ఎంత పరేషాన్ అయినవో ఏమో. అక్కకు చెప్పకు.”

అప్పుడు నేను నిజం చెప్పాల్సింది. నోటిదాకా మాట వచ్చింది కూడా. కానీ మెడలో ఇంకా టై ఉంది.

“పోనీ తియ్ మామా. ఇంకోసారి జర చూసుకో” అన్నాను.

సరేనని ఆయన బుద్ధిగా తలూపాడు.

ఆ ఉద్యోగం నాకే వచ్చింది. అదే రైల్లో ఏడేళ్లు తిరిగాను. మామ పోయి చాలా కాలమైంది. నిజం చెప్పకుండానే ఉండిపోయాను. టై కట్టుకున్న ఆ పెద్దమనిషి, అదే ఆనాటి నేను, ఇప్పుడెప్పుడైనా గుర్తొస్తే నవ్వొస్తుంది. వాణ్ని చెవి పట్టుకుని ఆ బెంచీ దాకా లాక్కుపోయి మామ ముందు నిలబెట్టి, అంతా ఒప్పించాలనిపిస్తుంది. నిలబెట్టినా లాభం లేదు. మామ వాణ్ని చూసి, ముందుగాల ఏమన్న తిన్నవా బిడ్డా అనే అడుగుతాడు.