అడిగే మనిషి

క్షయ ఆసుపత్రిలో ఆమెను అందరూ లెక్కల డాక్టరమ్మ అనేవారు. ఏ మందు ఎంతమందికి పనిచేసిందో తేల్చడం ఆమె పని. భర్త పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేక సెలవు రోజుల్లో కూడా అక్కడికే వచ్చేది.

ఆ ఏడు కొత్త మాత్రలు వచ్చాయి. ఎవరికి కొత్తవి, ఎవరికి పాతవి ఇవ్వాలో చీటీలు వేసి తేలుద్దామంది ఆమె. పెద్ద డాక్టరు ఒప్పుకోలేదు.

"ప్రాణాల మీదికొచ్చినవాళ్లతో లాటరీ ఏంటమ్మా? అడిగినవాళ్లకి ఇద్దాం."

అలాగే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి కొత్త మాత్రలవాళ్లు చాలామంది తేరుకున్నారు. పెద్ద డాక్టరు కాలు నేలమీద నిలవలేదు. ఆమెకు మాత్రం ఏదో మూల మనసు పీకుతూనే ఉంది. ఒకరోజు మాస్కు బిగించుకుని వార్డుకు వెళ్లి, పాత మందే వాడుతున్న ముసలి దర్జీని అడిగింది.

"కొత్త మందు ఎందుకు అడగలేదు తాతా?"

"అలాంటిదొకటుందని నాకెవరు చెప్తారు తల్లీ? పక్క మంచమాయనకి కూతురుంది. డాక్టర్ల బుర్ర తినేసి మరీ సాధించింది. నాకు మంచినీళ్లు కావాలన్నా నేనే లేవాలి."

ఆ కూతురే తండ్రికి వేళకు అన్నం పెట్టేది, మాత్ర మింగేదాకా ఎదురుగా కూర్చునేది. మరి ఆయన్ని నిలబెట్టింది మందా, మనిషా? డాక్టరమ్మ లెక్క మళ్లీ మొదలుపెట్టింది. తోడున్నవాళ్లను తోడున్నవాళ్లతో, ఎవరూ లేనివాళ్లను ఎవరూ లేనివాళ్లతో పోల్చింది. కొత్త మందు గొప్ప చాలావరకు కరిగి, కాస్తే మిగిలింది.

"నోటిదాకా వచ్చిన ముద్ద నేలపాలు చేశావు," అన్నాడు పెద్ద డాక్టరు. ఆ ఫలితాల మీద వ్యాసం ఆమె రాసినట్టే అచ్చయింది గాని, ఆ తర్వాత ఆయన ఆమెతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

మిగిలిన ఆ కాస్త మేలు కోసమే ఆమె పట్టుబట్టి దర్జీకి కొత్త మాత్రలు ఇప్పించింది. మధ్యాహ్నాలు వెళ్లి ఆయన మంచం దగ్గర కూర్చునేది. మెల్లగా ఆయన కోలుకున్నాడు.

ఇంటికి పంపే రోజున తీసుకెళ్లడానికి ఎవరూ రాకపోతే ఆమే దిగబెట్టింది. తుప్పుపట్టిన తాళం చాలాసేపటికి గాని రాలేదు. లోపల కుట్టుమిషను, దాని ముందు ఒక్కటే కుర్చీ. ఆయన దుమ్ము దులిపి ఆమెను కూర్చోబెట్టి, తాను గోడకు ఆనుకున్నాడు. కాసేపు కూర్చుని ఆమె లేచింది.

"చిక్కిపోయావు తల్లీ," అన్నాడాయన. "జాకెట్టు భుజాలు జారిపోతున్నాయి. తెచ్చిస్తే బిగించి కుడతా."

ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు.

"ఇంట్లో ఉన్నవన్నీ ఇలాగే ఉన్నాయి తాతా."

"అన్నీ తీసుకురా."

సరేనంది. వీధి మలుపు దాటాకగాని కళ్లు తుడుచుకోలేదు.