సిద్ధాంతి గారి రెండొందలు

ఆ కొట్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. యజమాని దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆయన సిద్ధాంతే. గ్రహాల సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు. ఆయన చెప్పే జోస్యమంతా వీడియో గేముల గురించి. ఏ ఆట విడుదలైతే ఎన్ని డబ్బాలు అమ్ముడుపోతాయో నెల ముందే చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన చెప్పిన అంకె ప్రకారమే కొట్టుకి సరుకు వస్తుంది. అంతటి పెద్దమనిషి జన్మలో ఒక్క ఆటా ఆడి ఎరగడు. ఒకసారి యజమాని మనవరాలు ఆట నడిపే కంట్రోలరు ఆయన చేతిలో పెడితే దాన్ని తలకిందులుగా పట్టుకుని, "బరువు బాగానే ఉంది" అని తిరిగిచ్చేశాడు.

ఈ పేరు ఎలా వచ్చిందో చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టవుతుంది. తొమ్మిదేళ్ళ కిందట సిద్ధాంతి మామూలు గుమాస్తా. ఆర్డరు కాగితం మీద రెండు ఆటల అంకెలు రాయబోయి ఒకదాని అంకె ఇంకోదాని ఎదురుగా రాసేశాడు. పప్పులో కాలేశానని తెలిసేసరికి కాగితం వెళ్ళిపోయింది. వారం రోజులు అన్నం సహించలేదు. తీరా చూస్తే, ఎవరూ లెక్కచెయ్యని ఆటని జనం ఎగబడి కొన్నారు, అందరూ నెత్తిన పెట్టుకున్న ఆట చతికిలబడింది. యజమాని వచ్చి భుజం తట్టి, "ఎలా కనిపెట్టావయ్యా?" అన్నాడు. సిద్ధాంతి కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "గాలి అటు వీస్తోందండీ" అన్నాడు. ఆ నెలాఖరుకి రెండో అంతస్తులో అద్దాల గది, చక్రాల కుర్చీ వచ్చాయి.

అప్పట్నుంచి ఆ గదిలో ఒకటే లెక్కలు. ఆట తాలూకు చిన్న వీడియోని ఎన్ని లక్షలమంది చూశారు, దాని కింద ఎంతమంది మెచ్చుకున్నారు, ఎంతమంది తిట్టుకున్నారు, తిట్టినవాళ్ళలో కొనేవాళ్ళెంతమంది. అన్నీ గోడంత కాగితం మీద రంగురంగుల గీతలుగా పాకేవి. ఆ జబ్బు ఇంటికి కూడా తీసుకెళ్ళాడు. వంటగ్యాసు ఎన్నాళ్ళొస్తుందో, చుట్టాలు ఎంతమంది దిగుతారో ముందే చెప్పేవాడు. ఆయన ఇద్దరంటే భార్య నలుగురికి బియ్యం పోసేది. ఎప్పుడూ అన్నం తక్కువ కాలేదు. తన అంచనాలు ఇంట్లో కూడా బాగా పనిచేస్తున్నాయని సిద్ధాంతి చంకలు గుద్దుకునేవాడు.

కింద అంతస్తులో రెండు కౌంటర్లున్నాయి. టీవీకి తగిలించుకుని ఆటలాడే యంత్రాలు రెండు రకాలు కాబట్టి కౌంటర్లూ రెండు. ఒక కంపెనీ యంత్రం తెల్లగా ఉంటుంది, దాని పోటీ కంపెనీది నల్లగా ఉంటుంది. తెల్లదాని ఆట నల్లదాంట్లో ఆడదు, నల్లదాని ఆట తెల్లదాంట్లో ఆడదు. కొన్నవాళ్ళు కూడా పక్కింటివాళ్ళ యంత్రాన్ని చూస్తే మొహం తిప్పుకుంటారు. నల్ల కౌంటరులో పదకొండేళ్ళుగా కూర్చుంటున్నది సిద్ధాంతి సొంత అక్క. యాభై రెండేళ్ళ మనిషి. కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంటుంది. కొనడానికొచ్చినవాళ్ళ పిల్లలు ఏ ఆటలో ఏ మెట్టు దగ్గర ఇరుక్కుపోయారో కూడా ఆవిడకి తెలుసు. పదిహేనేళ్ళ కిందట కాళ్ళావేళ్ళా పడి తమ్ముణ్ణి ఆ కొట్లో గుమాస్తాగా పెట్టించింది కూడా ఆవిడే. అప్పుడావిడ గిడ్డంగిలో డబ్బాలకి చీటీలు అంటించేది.

ఆ ఏడు పెద్ద చిక్కొచ్చింది. తెల్లదాని పెద్ద ఆట, నల్లదాని పెద్ద ఆట ఒకే శుక్రవారం విడుదల. తెల్లదానిది యుద్ధం ఆట, ఏడో భాగం. ఆరు భాగాల్లో చచ్చినవాళ్ళంతా మళ్ళీ బతికొచ్చి చస్తారు. నల్లదానిది ఒక పిల్ల పడవేసుకుని మునిగిపోయిన ఊరిని వెతుక్కుంటూ పోయే ఆట. యజమాని రెండు కౌంటర్లకీ మధ్యలో నిలబడి చెప్పేశాడు: ఈ రెండింట్లో ఏది తక్కువ అమ్మితే ఆ కౌంటరు ఎత్తేస్తాను, ఆ జాగాలో ఫోన్ల కవర్లు పెడతాను. కవర్లు అమ్మడానికి వేరే మనిషి అక్కర్లేదట, వాటంతటవే అమ్ముడుపోతాయట.

అక్క మధ్యాహ్నం భోజనం మానేసి మెట్లెక్కి తమ్ముడి గదికొచ్చింది.

"ఒరేయ్, పడవ ఆట ఐదొందలు తెప్పించరా."

"రెండొందలక్కా. ఫైల్లో అదే వస్తోంది."

"ఎలా వస్తోందీ?"

"పోయినేడు నల్లదాని పెద్ద ఆట ఎంత అమ్ముడైంది? రెండొందలు. అంతకు ముందేడు? రెండొందలు. చూశావా, గీత గీసినట్టు వస్తోంది."

"నువ్వు రెండొందలు తెప్పించావు కాబట్టి రెండొందలు అమ్మానురా. మిగతావి ఇంట్లో కుట్టుకొచ్చి అమ్మనా?"

"అలా కాదక్కా. ఇది డేటా."

"పోయినేడు రెండోరోజుకే అయిపోయాయి. ఆ తర్వాత వచ్చినవాళ్ళని ఎదురు కొట్టుకి పంపింది నేను. వాళ్ళేరీ నీ ఫైల్లో?"

"కొనకుండా పోయినవాళ్ళు అమ్మకంలోకి రారక్కా," అన్నాడు సిద్ధాంతి, పసిపిల్లకి చెప్పినట్టు.

అక్క అద్దానికి చెయ్యి ఆనించి నిలబడింది. "కౌంటరు పోతే నేనేం చెయ్యనురా? మీ బావ నడుం పట్టేసి రెండేళ్ళయింది. ఇల్లు నా ఒక్క జీతం మీదే నడుస్తోంది. అంతా నువ్వు రాసే అంకె మీదే ఉంది."

ఆవిడ వెళ్ళాక సిద్ధాంతికి మనసు పీకింది. నిజంగానే పీకింది, లేదనడానికి వీల్లేదు. రెండొందలు కొట్టేసి మూడొందలు రాశాడు. రాసినదాన్ని దూరంగా పెట్టి చూసుకున్నాడు. అక్క కాబట్టి పెంచాడంటారేమోనని భయమేసింది. పంపిణీ చేసేవాళ్ళ దగ్గర ఒకసారి ఆర్డరిస్తే మళ్ళీ సరుకు రావడానికి నెల పడుతుంది కాబట్టి ఆ అంకె రాతి మీద గీతతో సమానం. మూడొందలు చెరిపేసి మళ్ళీ రెండొందలు రాశాడు. యుద్ధం ఆటకి తొమ్మిదొందలు రాశాడు. తన నిజాయితీకి తనకే ముచ్చటేసింది. దాని ఖరీదు అక్క కట్టాల్సొస్తుందని మాత్రం ఆ ముచ్చటలో తట్టలేదు.

శుక్రవారం కొట్టు తలుపులు తొమ్మిదింటికి తీశారు. పదకొండున్నరకల్లా పడవ ఆట రెండొందల డబ్బాలూ అయిపోయాయి. తెల్ల కౌంటరు ముందు కూడా జనం ఉన్నారు గానీ, యుద్ధం ఆట డబ్బాలు గోడకి నిలువెత్తున పేర్చి ఉండడంతో ఎంతమంది కొన్నా గుట్ట తరిగినట్టు కనిపించలేదు. అక్క ఖాళీ అల్మరా వంక చూసింది. వరుసలో నిలబడ్డ జనం వంక చూసింది. ప్రతి ఏడూ చేసినట్టు వాళ్ళని ఎదురు కొట్టుకి పంపలేదు. ముందున్నావిడతో ఎంతో మర్యాదగా, "అయిపోయాయమ్మా. రెండో అంతస్తులో అద్దాల గదిలో మా తమ్ముడుంటాడు. సరుకు సంగతి చూసేది ఆయనే. ఒక్కసారి ఆయన్నడగండి," అంది. వెనకున్నాయనకీ అదే చెప్పింది. ఆయన వెనకున్నాయనకీ అదే.

పైన సిద్ధాంతి వచ్చే ఏడు అంచనాల్లో మునిగి ఉన్నాడు. తలుపు తట్టిన చప్పుడైంది. ముందు ఒక స్కూలు టీచరు, కూతురికోసం. తర్వాత తెల్లకోటు విప్పకుండానే పరిగెత్తుకొచ్చిన పళ్ళ డాక్టరు, తనకోసమే. తర్వాత యూనిఫారంలో బస్సు డ్రైవరు. బస్సు కింద ఆపి వచ్చాననీ త్వరగా తేల్చమనీ కంగారుపెట్టాడు. ఇద్దరు నర్సులు. చేతిలో హెల్మెట్లతో ముగ్గురన్నదమ్ములు. అందరిదీ ఒకటే ప్రశ్న. సిద్ధాంతి అందరికీ రెండొందలే తెప్పించామని ఒకటే జవాబు చెప్పి, తలుపు వేసుకుందామని లేచేసరికి వరుస మెట్లమీంచి మొదటి అంతస్తు దాకా దిగిపోయి ఉంది. కొట్లో లిఫ్టుంది గానీ అది సరుకుకే.

మధ్యాహ్నం మూడింటికి ఒక పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని ఎక్కొచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆయాసం తీర్చుకుని, సిద్ధాంతిని పైనించి కిందికి చూశాడు.

"రెండొందలు చాలన్నది మీరేనా బాబూ?"

"అంటే... లెక్క ప్రకారం..." అని సిద్ధాంతి మొదలుపెట్టాడు.

"మా మనవరాలూ నేనూ కలిసి ఆడుకుంటాం. ఏడాదిగా ఎదురుచూస్తున్నాం. ఆ లెక్కలో మేమిద్దరం ఉన్నామా?"

పెద్దాయన దిగిపోయాక సిద్ధాంతి ఫోను తీసి కిందికి కలిపాడు. "అక్కా, ఏంటిది? నన్ను ఊపిరి సలపనివ్వవా?"

"నీ డేటా పంపిస్తున్నానురా. దించుకో," అని అక్క ఫోను పెట్టేసింది.

అలవాటు ఊరుకోనివ్వదు కదా. వచ్చిన మనిషికి ఒక గీత చొప్పున సిద్ధాంతి పాత కాగితం వెనక గీసుకుంటూనే ఉన్నాడు. శుక్రవారం కొట్టు కట్టేసేసరికి నూట అరవై నాలుగు గీతలు. శనివారం కూడా వచ్చారు. రెండ్రోజులకీ కలిపి మూడొందల పదకొండు. అమ్మిన రెండొందలూ కలిపితే అక్క చెప్పిన ఐదొందలు దాటిపోయింది. యుద్ధం ఆట శనివారానికి నాలుగొందల ముప్ఫై అమ్ముడైంది, మిగతావి గోడకి ఆనుకునే ఉన్నాయి. సిద్ధాంతి బతుకులో మొట్టమొదటిసారి నిజంగా లెక్కపెట్టినవి ఆ గీతలే. తొమ్మిదేళ్ళుగా తాను రాసిందే అమ్ముడైంది, అమ్ముడైందే మళ్ళీ తాను రాశాడు. ఆ సంగతి పదో తరగతి దాటని అక్కకి తెలుసు, చక్రాల కుర్చీలో కూర్చున్న తనకి తెలియలేదు. సోమవారం పొద్దున యజమానికి ఉన్నదున్నట్టు చెప్పేయాలని గట్టిగా అనుకున్నాడు. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం యజమాని గదిలో పై అంతస్తువాళ్ళందరూ చేరారు. కొట్టు తెరిచి ఉంది కాబట్టి కౌంటర్లవాళ్ళు కిందే ఉండిపోయారు. సిద్ధాంతి జేబులో చెయ్యి పెట్టి నోరు తెరవబోయాడు. అంతలోకే యజమాని లేచి నిలబడ్డాడు.

"పడవ ఆటకి మన సిద్ధాంతి అంచనా ఎంత? రెండొందలు. అమ్మకం ఎంత? రెండొందలు! ఒక్కటి అటూ ఇటూ లేదు. ఒక్క డబ్బా మిగల్లేదు. పెద్దపెద్ద కంపెనీల్లో కూడా ఇలాంటి మనిషి దొరకడు."

చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్ల మధ్యలో మాట్లాడడం మర్యాద కాదని సిద్ధాంతి ఆగాడు. జీతాల గుమాస్తా ఈల కూడా వేశాడు. ఆగిపోతాయనుకున్నవి మళ్ళీ ఊపందుకున్నాయి. సిద్ధాంతి కూడా మెడ కొంచెం వంచి, చిన్నగా నవ్వి, జేబులోంచి చెయ్యి తీసి దణ్ణం పెట్టాడు. ఎవరు మాత్రం పెట్టరు? అంతా సద్దుమణిగాక యజమాని గొంతు తగ్గించి, "కాబట్టి ఒకటో తారీకునుంచి నల్ల కౌంటరు తీసేస్తున్నాం. రెండొందల కోసం ఒక మనిషినీ అంత జాగానీ పోషించలేం," అన్నాడు.

అప్పుడు తీశాడు సిద్ధాంతి కాగితం. "అయ్యా, నా అంచనా తప్పండీ. ఇంకో మూడొందల పదకొండుమంది కొనడానికొచ్చారు. సరుకు లేక పోయారు. ఇవిగో గీతలు."

యజమాని ఆ గీతల్ని ఒక క్షణం చూసి జాలిగా నవ్వాడు.

"అక్కగారు కదా, బాధ ఉంటుంది. నేనర్థం చేసుకోగలను. అందుకోసం మీ పేరు మీరే పాడు చేసుకుంటారా? అంచనా రెండొందలు, అమ్మకం రెండొందలు. ఇందులో తప్పేముందండీ?"

"మరి యుద్ధం ఆట తొమ్మిదొందలన్నానండీ. సగం కూడా పోలేదు."

"ఇంకా టైముందిగా! రెండు డబ్బాలు కొంటే కంట్రోలరు ఊరికే ఇద్దాం. మీ మాట పోనిస్తానా?" అని యజమాని మళ్ళీ భుజం తట్టాడు. ఎంత గొప్పవాడైనా ఎంత అణకువో చూడండని పక్కనున్నవాళ్ళకి చూపించాడు. వాళ్ళు కూడా తలలూపారు.

సిద్ధాంతి మెట్లు దిగి కిందికొచ్చాడు. నల్ల కౌంటరు ముందు ఎవరూ లేరు. అక్క మెత్తటి గుడ్డతో ఖాళీ అల్మరా అద్దం తుడుస్తోంది. తమ్ముణ్ణి చూసి గుడ్డ పక్కన పెట్టింది.

"చప్పట్లు ఇక్కడికి వినపడ్డాయిరా."

సిద్ధాంతి వచ్చి కౌంటరుకి ఇవతల నిలబడ్డాడు.

"కౌంటరు ఉందా, పోయిందా?"

"ఒకటో తారీకు దాకా ఉంటుందక్కా."

అక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "వచ్చి పోయినవాళ్ళ సంగతి చెప్పావా?"

"చెప్పానక్కా. నీ ఒట్టు, అందరి ముందూ చెప్పాను. నా అంచనా తప్పని కూడా అన్నాను."

"ఎప్పుడన్నావు? ఆ చప్పట్లకి ముందా, తర్వాతా?"

సిద్ధాంతి అబద్ధం చెబుదామనుకున్నాడు. ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాడు. "తర్వాతే," అన్నాడు.

"ముందు చెప్పడమే కదరా నీ ఉద్యోగం," అంది అక్క. గుడ్డ తీసుకుని మిగిలిన అద్దం తుడవడం మొదలుపెట్టింది.